మంగరత్నం అడిగిన సైకిలు

పెదరేవుల పురపాలక సంఘంలో కుడుపూడి మంగరత్నం ఉద్యోగం నీళ్లకు రంగు చూడడం. పొద్దున్న ఆరింటికి వీధి కుళాయిలు వదులుతారు, ఏడున్నరకు కట్టేస్తారు. సాయంత్రం ఓ అరగంట మళ్లీ వదులుతారు గానీ, పరీక్ష పొద్దుటి నీళ్లకే. ఆ గంటన్నరలో ఆమె కుళాయి కుళాయికీ వెళ్లి, గాజు గొట్టంలో నీళ్లు పట్టి, సీసాలోంచి నాలుగు చుక్కల మందు వేసి చూడాలి. నీళ్లు పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ కలిసినట్టు, తాగొచ్చు. తిరక్కపోతే కలవనట్టు, తాగకూడదు. పని ఇంతే. కానీ ఊళ్లో వార్డులు ఇరవై నాలుగు, మంగరత్నానికున్న కాళ్లు రెండు. ఎంత గబగబా నడిచినా ఏడు వార్డులు దాటేసరికి కుళాయిలు ఆగిపోయేవి. మిగిలిన పదిహేడు వార్డుల సంగతి ఆ నీళ్లు తాగినవాళ్ల కడుపులకే తెలియాలి.

పదకొండేళ్లు ఇలాగే నడిచింది. ఆ ఏడు వేసవిలో ఒకరోజు దారిలో ఉన్న వార్డులన్నీ వదిలేసి, ఊరి చివర, గొట్టం చివర ఉన్న పల్లపువీధికి తిన్నగా వెళ్లింది. చివరి వీధి కాబట్టి కుళాయి అప్పటికే ఆగిపోయింది. బిందె చంకనెత్తుకుని నిలబడ్డ పైడమ్మ అనే ముసలామె ఆమెను ఎగాదిగా చూసింది.

"నీళ్లు మురుగు కంపు కొడతన్నాయే అమ్మాయ్. మీ ఆఫీసులో ఎవరికీ ముక్కుల్లేవా?"

"రోజూ రావాలనే ఉంటది మామ్మా. నడిచొచ్చేసరికి ఈ టైమవుతాది."

"అయితే ఎగిరి రా."

మంగరత్నానికి తల తీసేసినట్టయింది. ఆ మధ్యాహ్నమే ఆఫీసులో కూర్చుని దరఖాస్తు రాసింది. 'అయ్యా, నాకు ఒక లేడీస్ సైకిలు ఇప్పించ ప్రార్థన. ఇప్పిస్తే రోజూ అన్ని వార్డులూ తిరగగలను.' పదకొండేళ్ల ఉద్యోగంలో ఆమె అడిగిన మొదటి వస్తువు అదే.

ఇంకో ఏడాది ముందు అడిగుంటే ఆ కాగితం ఏదో సొరుగులో ప్రశాంతంగా కన్ను మూసేది. ఆమె దురదృష్టం కొద్దీ అప్పుడే కమిషనరుగా వేదుల శశిభూషణరావుగారు వచ్చారు. ఆయన ఏదో శిక్షణకని కొండ ప్రాంతానికి వెళ్లి, అక్కడ సైకిలు మీద మనసు పడి తిరిగొచ్చారు. ప్రతి ఆదివారం ఒంటికి అతుక్కునే మెరుపు బట్టలు తొడుక్కుని, నెత్తిన హెల్మెట్టు పెట్టుకుని, తన సైకిలును ఆఫీసు కారు నెత్తిన కట్టించుకుని హైవేకు వెళ్లేవారు. అక్కడ నాలుగు కిలోమీటర్లు తొక్కి, మళ్లీ కారెక్కించి ఇంటికి తెచ్చేవారు. ఆరోగ్యం కుదుటపడిందని డ్రైవరు కూడా ఒప్పుకున్నాడు.

కమిషనరుగారు మంగరత్నాన్ని పిలిపించారు. ఎదురుగా కుర్చీ కూడా చూపించారు. ఆమె కూర్చోలేదు.

"సైకిల్ అడిగావట కదమ్మా?"

"అవునండి. పాతదైనా పర్లేదండి."

"ఆ మాట అనకు! లేడీస్ సైకిల్లో సౌఖ్యం ఉంది, వేగం లేదు. రేసు సైకిల్లో వేగం ఉంది, సౌఖ్యం లేదు. ఈ రెంటినీ సమపాళ్లలో మేళవించినదే రోడ్ బైక్. శాస్త్రీయంగా రోడ్ బైక్‌ను ఎంపిక చేసిన తొలి పురపాలక సంఘంగా మనం నిలవబోతున్నాం."

"నాకు తొక్కితే కదిలేది చాలండి."

"అది లబ్ధిదారు దృక్కోణం. మేము విధానపరంగా చూడాలి."

విధానం అంటే ఎన్ని రోజులు పడుతుందో మంగరత్నానికి తెలీదు. వారం అనుకుంది. సాయంత్రం పనిగట్టుకుని పల్లపువీధికి నడిచి వెళ్లి, సోమవారం నుంచి రోజూ వస్తానని పైడమ్మకు మాటిచ్చింది.

పై సోమవారం ఉత్తర్వు వచ్చింది. 'సదరు ఉద్యోగినికి వాహనము సమకూర్చు విషయమై వేగ సౌఖ్య సమతుల్యతా నిర్ధారణ సంఘమును ఏర్పాటు చేయడమైనది.' సంఘంలో రెండు ఉపసంఘాలు. వేగం ఉపసంఘానికి ఇంజనీరు నరహరిగారు అధ్యక్షుడు. సౌఖ్యం ఉపసంఘానికి మేనేజరు కామేశంగారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన కుర్చీలోంచి లేవగా చూసినవాళ్లు లేరు కాబట్టి, ఈ నియామకాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

మొదటి సమావేశంలోనే చిక్కొచ్చింది. వేగాన్ని గంటకు ఇన్ని కిలోమీటర్లని కొలవొచ్చు. సౌఖ్యాన్ని దేంతో కొలవాలి? కొలవకుండా రెండూ సమానమని ఎవరు సంతకం పెడతారు? కామేశంగారు కళ్లు మూసుకుని అరగంట ఆలోచించి ఒక కొలమానం కనిపెట్టారు. దాని పేరు హాయి. కమిషనరుగారు మధ్యాహ్న భోజనానంతరం తమ సొంత కుర్చీలో ఆసీనులైనప్పుడు పొందు సౌఖ్యము నూరు హాయిలు. నిలబడి ఉన్న గుమాస్తాకు పన్నెండు. ఎండలో క్యూలో నిలబడిన ప్రజలకు సున్నా. గంటకు ఇరవై కిలోమీటర్లు పోయే బైకు ఇరవై హాయిలు ఇవ్వాలి, ఒక్కటి తగ్గకూడదు, ఒక్కటి పెరగకూడదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

మంగరత్నం తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. ఆగలేక బజారులో సైకిళ్లు బాగుచేసే సత్తార్ దగ్గరకు వెళ్లి రోడ్ బైకు సంగతి అడిగింది. అతను చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ నవ్వాడు.

"రోడ్ బైకైనా మంచిదే అక్కా. టైరు కొంచెం లావుది ఏసుకుని, గాలి కొంచెం తగ్గించుకుని, హేండిలు కాస్త పైకి లేపుకుంటే ఎంత దూరమైనా నడుం నొప్పి రాదు. వేగం మరీ ఏం తగ్గదు. అన్నిటికంటే ముందు నీ కాలి కొలత తీయాలి. సీటు నీ కాలికి సరిపోతే సగం పనైపోయినట్టే."

ఈ మాట ఆమె సంఘానికి విన్నవించుకుంది. సంఘం మొదటిసారి ఆమె మాట పట్టించుకుంది. కాలి కొలత తీయాల్సిందేనని తీర్మానించింది. మంగరత్నం చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడింది.

"నీది కాదమ్మా," అన్నారు నరహరిగారు. "లబ్ధిదారు కొలతలు తీసుకుంటే నిష్పాక్షికత దెబ్బతింటుంది. రేపు ఆడిట్‌లో, ఈమె కాళ్లను ఉద్దేశించే బైక్ కొన్నారని వ్రాస్తారు."

"నేనే కదండీ తొక్కేది?"

"అందుకే నీ ప్రమేయం ఉండరాదు."

సంఘ సభ్యుల కాళ్లు కొలిచి సగటు తీశారు. ఒక సభ్యుడు రెండు పోస్టులకు ఇన్‌ఛార్జి కావడంతో ఆయన కాళ్లు రెండుసార్లు లెక్కకొచ్చాయి. ఆయన ఆరడుగుల మనిషి. మంగరత్నం అయిదడుగులకు అంగుళం తక్కువ.

వర్షాలు మొదలయ్యాయి. వేగం ఉపసంఘం వేలి లావు టైర్లు, కత్తి లాంటి సీటు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హేండిలు కావాలంది. సౌఖ్యం ఉపసంఘం స్కూటరు టైర్లు, ఆనుకోవడానికి వీపు ఉన్న మెత్తటి సీటు కావాలంది. అంతేకాదు, పెడళ్లు తొక్కడం వల్ల సౌఖ్యానికి భంగం కలుగుతోంది కనుక వాటిని తొలగించాలని కామేశంగారు అభిప్రాయపడ్డారు. మూడు సమావేశాలు వాకౌట్లతో ముగిశాయి. చివరికి కమిషనరుగారే కల్పించుకుని రాజీ చేశారు. బైకు ముందు సగం వేగానికి, వెనక సగం సౌఖ్యానికి. ముందుకు పోయేది ముందు చక్రం కాబట్టి దానికి సన్న టైరు. మనిషి కూర్చునేది వెనక కాబట్టి దానికి లావు టైరు. పెడళ్లు తాత్కాలికంగా కొనసాగుతాయి.

బైకును బిగించడానికి సత్తార్‌ను పిలిచారు. అతను రెండు చక్రాలనూ చాలాసేపు చూశాడు.

"సార్, ముందుది పరిగెడతానంటది, వెనకది పడుకుంటానంటది. మధ్యలో మనిషి ఏమైపోవాలండి?"

"దానినే సమతుల్యత అంటారు," అన్నారు కమిషనరుగారు.

బైకు చాలా అందంగా ఉంది. దాని మీద మంగరత్నాన్ని ఎక్కించి ఫొటో తీశారు. కాళ్లు పెడళ్లకు అందకపోవడం చేత నడుం దాకానే తీశారు. సీటు కిందికి దించుతానని సత్తార్ స్పానర్ తీశాడు. సగటును మార్చే అధికారం మెకానిక్కుకు లేదని మేనేజరుగారు అడ్డుపడ్డారు. అయినా మంగరత్నం సంతోషంగానే ఉంది. అటు సగం ఇటు సగం ఒరుగుతూ, మునివేళ్లతో తొక్కుకుంటూనైనా పల్లపువీధి చేరతాననుకుంది. మర్నాడు అయిదున్నరకే బైకు తీసుకుని గేటు దాకా వచ్చింది. వాచ్‌మన్ ఆపి ఒక కాగితం చేతిలో పెట్టాడు.

బైకు కొనుగోలు నిబంధనల్లో 'రోడ్ బైకును రోడ్డు మీద మాత్రమే నడపవలెను' అని ఉంది. కాబట్టి ఊళ్లో ఏవి రోడ్లో ధ్రువీకరించాలని ఇంజనీరుగారిని కోరారు. ఆయన పెద్ద ఇరకాటంలో పడ్డారు. ఫలానాది రోడ్డని సంతకం పెడితే, అందులోని గోతులకు తానే జవాబు చెప్పుకోవాలి. రెండు రోజులు నిద్రపోకుండా ఆలోచించి, ఆయన నిజాయితీగా ధ్రువీకరించారు. 'పెదరేవుల పట్టణము నందలి ఇరువది నాలుగు వార్డులలోనూ రోడ్డు అను నిర్వచనమునకు లోబడు మార్గమేదియు లేదు.' పురపాలక సంఘం చరిత్రలో ఇంత నిజమైన పత్రం మరొకటి లేదని ఊళ్లో పెద్దలు అనుకున్నారు.

మరి బైకును ఎక్కడ నడపాలి? ఆఫీసు ఆవరణలో అరవై గజాల నమూనా రోడ్డు వేశారు. అద్దంలా వచ్చింది. ఇక మిగిలిన చిక్కల్లా ఒక్కటే: కుళాయిలు ఆవరణలో లేవు. కామేశంగారు దానికీ మార్గం చూపించారు. బైకు నీళ్ల దగ్గరకు పోలేనప్పుడు నీళ్లే బైకు దగ్గరకు రావాలి. ప్రతి వార్డు నుంచి అక్కడి సిబ్బంది ఒక సీసాడు నీళ్లు తేవాలి. ఇరవై నాలుగు సీసాలను నమూనా రోడ్డు వెంట వరసగా పెట్టాలి. సదరు ఉద్యోగిని బైకుపై సంచరిస్తూ ఒక్కో సీసా వద్ద ఆగి పరీక్షించాలి.

మర్నాటి నుంచి మంగరత్నం హెల్మెట్టు పెట్టుకుని అరవై గజాల మీద తిరగసాగింది. ఇరవై నాలుగు సీసాల నీళ్లూ పసుపు రంగుకు తిరిగాయి. రెండో రోజూ తిరిగాయి. మూడో రోజు ఆమెకు అనుమానమొచ్చి, పెందలాడే వచ్చి గోడ వెనక నిలబడింది. వార్డుల సిబ్బంది కబుర్లు చెప్పుకుంటూ ఆఫీసు గేటు పక్క కుళాయి దగ్గర ఒకరి తర్వాత ఒకరు సీసాలు నింపుకుంటున్నారు.

"అదేంటండీ, మీ వార్డు నీళ్లు తేవాలి కదా?" అని అడిగిందామె.

"అంత దూరం నించి సీసా మోసుకుని నడిచి రావాలంటే ఎలాగమ్మా? మాకేమన్నా సైకిళ్లిచ్చారా?" అన్నాడొకాయన.

మంగరత్నం ఆఫీసులోకి నడిచింది. ఇంజనీరుగారి దగ్గరకు వెళ్లి చెప్పింది. ఆయన రిజిస్టరు చూపించారు. నూటికి నూరు శాతం శుద్ధ జలం. జిల్లాలో ఏ పట్టణానికీ లేని ఫలితం. రాష్ట్రస్థాయి ప్రశంసకు పెదరేవుల పేరు పంపడం కూడా అయిపోయింది.

ఆ వారం పైడమ్మ తనే ఆఫీసుకు వచ్చింది. కూడా ఆమె మనవరాలు, ఆరేళ్ల పిల్ల. గేటు బయట చెట్టుకింద కూర్చోబెట్టి, పిల్ల కంటిరెప్ప పైకెత్తి చూపించింది. పచ్చకామెర్లు. గాజు గొట్టంలో రావలసిన పసుపు ఆ పిల్ల కళ్లలో వచ్చి కూర్చుంది.

"మా వీధిలో ఇంకో తొమ్మిది మందికి ఉందమ్మాయ్. నువ్వు సోమారం వత్తానన్నావు. ఏ సోమారమో చెప్పలేదు."

మంగరత్నం హెల్మెట్టు తీసి, ఆ అందమైన బైకు హేండిలుకు తగిలించింది.  పిల్ల తల నిమిరి, తిన్నగా సత్తార్ కొట్టుకు నడిచింది.

"తమ్ముడూ, తొక్కితే కదిలేది ఏదైనా ఉందా?"

సత్తార్ ఒక పాత లేడీస్ సైకిలు బయటికి లాగాడు. బెల్లు లేదు, రంగు లేదు. ఆమెను నిలబెట్టి కాలి కొలత చూసి, సీటు నాలుగంగుళాలు దించాడు. టైర్లు రెండూ ఒకే లావున ఉన్నాయి.

మర్నాడు ఆరింటికి కుళాయి వదిలేసరికి మంగరత్నం పల్లపువీధిలో ఉంది. ఇంటి నుంచి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. గొట్టంలో నీళ్లు పట్టి మందు వేసింది. రంగు రాలేదు. ఇంకో నాలుగు చుక్కలు వేసింది. రాలేదు. వీధి వీధంతా ఆమె చుట్టూ మూగి ఆ గాజు గొట్టం వంక చూస్తూ నిలబడ్డారు. కుళాయి గొట్టం ఎటు నుంచి వస్తోందో వెతుక్కుంటూ వెళితే, మురుగు కాలవ దాటే చోట తుప్పు పట్టి, బొటనవేలంత చిల్లు పడి ఉంది. మందు కలిసిన నీళ్లు అక్కడ బయటికి పోతున్నాయి, కుళాయిలు కట్టేశాక మురుగు లోపలికి వస్తోంది.

ఆఫీసుకు కబురు చేస్తే పదిరోజుల్లో పరిశీలిస్తామన్నారు. పల్లపువీధి వాళ్లు పదిరోజులు ఆగలేదు. మగవాళ్లు కాలవకు అడ్డుకట్ట వేసి, బకెట్లతో మురుగు తోడారు. సత్తార్ పాత సైకిలు ట్యూబులు చీల్చి, గొట్టానికి పొరలు పొరలుగా బిగించి చుట్టి, పైన ఇనపతీగతో కట్టాడు. సాయంత్రం కుళాయి వదిలినప్పుడు మొదటి రెండు బిందెలు పారబోయించి, మూడో బిందెలో నీళ్లు తీసుకుని మంగరత్నం మందు వేసింది. లేత పసుపు. పైడమ్మ ఆ గాజు గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, ఎండకేసి పట్టుకుని చాలాసేపు చూసింది.

నాలుగో రోజున మంగరత్నానికి ఉత్తర్వు అందింది. నేరాలు మూడు. సమతుల్యత నిర్ధారణ కాని వాహనముపై ప్రయాణించుట. రోడ్డుగా ధ్రువీకరింపబడని స్థలమున విధులు నిర్వర్తించుట. రిజిస్టరు ప్రకారము శుద్ధముగా ఉన్న నీటిని అశుద్ధమని ప్రచారము చేయుట. 'తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు సదరు ఉద్యోగినిని సస్పెండు చేయడమైనది. రోడ్ బైకు, హెల్మెట్టు, చేతి తొడుగులు తక్షణము అప్పగించవలెను. అనుమతి లేనిదే పట్టణము విడిచి వెళ్లరాదు.'

ఆమె బైకు అప్పగించింది, హెల్మెట్టు అప్పగించింది. గాజు గొట్టం, మందు సీసా మాట ఉత్తర్వులో లేదు. అవి సంచీలోనే ఉండిపోయాయి. ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. సగం జీతంతో ఇల్లెలా నడపాలన్న దిగులు ఒకవైపు, చేసిన తప్పేంటో తెలియని కోపం ఒకవైపు. అలవాటు కొద్దీ తెల్లారకుండానే మెలకువ వచ్చింది. ఉత్తర్వు మళ్లీ తీసి చదువుకుంది. పట్టణం విడిచి వెళ్లకూడదని ఉంది. పట్టణమంతా తిరగకూడదని ఎక్కడా లేదు.

ఆ రోజు నుంచి పెదరేవులలో మునుపెన్నడూ లేని సంగతి జరిగింది. ఇరవై నాలుగు వార్డుల్లోనూ ప్రతి ఉదయం నీళ్ల పరీక్ష జరిగింది. సంతకం పెట్టడానికి ఆఫీసు లేదు, సమావేశాలు లేవు, సీసాలు లేవు. సత్తార్ సైకిలు మీద మంగరత్నం గంటన్నరలో ఊరు చుట్టేసేది. కుళాయి పక్క గోడ మీద సుద్దముక్కతో ఒక మాట రాసి కదిలిపోయేది: 'తాగొచ్చు', లేదా 'తాగొద్దు'. తొమ్మిది వార్డుల గోడల మీద 'తాగొద్దు' అని ఉంది. ఆ తొమ్మిది వార్డుల జనం ఆఫీసు ముందు బారులు తీరారు. బిందెలు, కేకలు, ధర్నాలు. కమిషనరుగారి మధ్యాహ్న విశ్రాంతికి తీవ్ర విఘాతం కలగడంతో ఇంజనీరుగారు స్వయంగా కాలవల్లోకి దిగి, వారం తిరక్కుండా తొమ్మిది చోట్లా గొట్టాలు మార్పించారు.

ఈలోగా రాష్ట్రం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. నూరు శాతం శుద్ధ జలానికీ, ఆదర్శ రోడ్ బైక్ విధానానికీ కలిపి ఇచ్చారు. బైకు బాగోగులు చూడడానికి ఒక ప్రత్యేకాధికారిని వేశారు. ఆయన తిరగడానికి జీపు మంజూరైంది.

ఒక్కటే కమిషనరుగారికి మింగుడుపడలేదు. సుద్దముక్కతో గోడల మీద రాసే ఆ మనిషిని ఏం చేయాలి? సస్పెండ్ అయిన ఉద్యోగిని మళ్లీ సస్పెండ్ చేయడం నిబంధనల్లో లేదు. మెమో ఇవ్వాలంటే ముందు ఆమె విధుల్లో ఉండాలి. సంఘం అత్యవసరంగా కూర్చుని, ఆమెకు తగిన శిక్ష నిర్ణయించింది. కామేశంగారు ఆమెను పిలిపించి, కొత్త ఉత్తర్వు చేతికిచ్చారు.

"అదృష్టవంతురాలివమ్మా. సస్పెన్షన్ ఎత్తేశారు. రేపు పొద్దున్న ఆరింటికి వచ్చి నమూనా రోడ్డు మీద డ్యూటీలో చేరాలి. ఏడున్నర దాకా ఆవరణ దాటకూడదు. పూర్తి జీతం."

మంగరత్నం కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. పూర్తి జీతం అన్న మాట దగ్గర ఆమె మనసు కాసేపు తచ్చాడింది. ఇంట్లో బియ్యం డబ్బా గుర్తొచ్చింది. పదిహేడో వార్డులో నిన్న రంగు సరిగా రాలేదన్న సంగతీ గుర్తొచ్చింది.

"ఒక తెల్ల కాగితం ఇప్పించండి," అంది.

"చేరుతున్నట్టు రాసిస్తావా?"

ఆమె నిలబడే రాసి, కాగితం ఆయన ముందుకు తోసింది. కామేశంగారు కళ్లజోడు సవరించుకుని చదివారు. మళ్లీ చదివారు. తర్వాత, ముప్పై ఏళ్ల సర్వీసులో మొదటిసారి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

'అయ్యా, ప్రజల ఆరోగ్యము దృష్ట్యా నా సస్పెన్షన్ కాలమును మరియొక ఆరు మాసములు పొడిగించ ప్రార్థన.'

"ఏంటమ్మా ఇది? ఇలాంటి దరఖాస్తు మీద ఏమని రాయమంటావు నన్ను?"

"తీరిగ్గా ఆలోచించి రాయండి. దీనికీ ఒక సంఘం వేస్తారు కదండీ?" అంటూ మంగరత్నం సంచీ భుజాన వేసుకుంది. "నాకు సాయంత్రం నీళ్లు వదిలే వేళయింది. పదిహేడో వార్డు చూడాలి. వస్తానండి."

ఆమె మెట్లు దిగి, బెల్లు లేని సైకిలెక్కి, రోడ్డు కాని రోడ్డు మీద పడి వెళ్లిపోయింది.